మలివయసు కుంగుబాటు, మాటల చికిత్స

శిక్షణ పొందిన ఒక వ్యక్తి, కుంగుబాటుతో బాధపడుతున్న మనిషి ఎదురెదురుగా కూర్చుని, ఒక పద్ధతి ప్రకారం, ఒక లక్ష్యం పెట్టుకుని కొన్ని వారాలపాటు చేసే పనిని మాటల చికిత్స అంటారు. దీనికి సైకోథెరపీ అన్న పేరూ వాడుకలో ఉంది. ఓదార్పుకి ఇందులో చోటుంది కానీ చికిత్స అక్కడితో ఆగదు. సాధారణంగా వారానికోసారి, ముప్పావుగంట నుంచి గంటసేపు, ఆరు నుంచి ఇరవై సార్లు కలుస్తారు. కలిసిన ప్రతిసారీ కిందటి వారం ఏమనుకున్నారో, అందులో ఏం జరిగిందో చూసుకుంటారు. వచ్చే వారానికి మళ్లీ ఒక పని పెట్టుకుంటారు. అరవై దాటినవాళ్ల కుంగుబాటు మీద ఈ చికిత్స పనిచేస్తుందని చెప్పే పరిశోధనలు నలభై ఏళ్లుగా పోగుపడుతూ వచ్చాయి. అయినా ఆ వయసువాళ్లకి రాసే చికిత్సల్లో ఇది కనిపించడం అరుదు. ఆ దూరం ఎందుకు ఏర్పడిందో తెలియాలంటే ముందు జబ్బునే చూడాలి.

ఒంటి బాధల వెనక

మలివయసులో కుంగుబాటు చాలాసార్లు దిగులు రూపంలో బయటపడదు. పెద్దావిడ ఏడవదు, మనసు బాగోలేదనీ అనదు. కాళ్లు లాగుతున్నాయంటుంది, గుండె దడగా ఉందంటుంది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందంటుంది, అన్నం సయించడం లేదంటుంది. పెద్దాయన పేపరు చదవడం మానేస్తాడు, రచ్చబండ వైపు వెళ్లడం మానేస్తాడు, చిన్న విషయానికే కసురుకుంటాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే బలానికి సూది వేస్తాడు. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే గుండెకీ, కీళ్లకీ, కడుపుకీ పరీక్షలు జరుగుతాయి. అన్నీ బాగానే ఉన్నాయని కాగితాలు చేతికొస్తాయి. బాధ మాత్రం అలాగే ఉంటుంది.

ఈ వయసులో ఇంతే కదా అని ఇంట్లోవాళ్లు సర్దుకుంటారు. వైద్యుల్లో కూడా అలా అనుకునేవారు తక్కువేమీ కాదు. ఈ ఒక్క మాట వల్ల వృద్ధులకు జరిగిన నష్టం అంతా ఇంతా కాదు. వయసుతో నడక నెమ్మదిస్తుంది, చూపు మందగిస్తుంది, తోటివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. ఇన్నిటి మధ్యా ఎక్కువమంది పెద్దవాళ్లు మనవల అల్లరికి నవ్వుతూ, కూరలో ఉప్పు ఎక్కువైందని గమనిస్తూ, పక్కింటి పెళ్లి ముహూర్తం ఎప్పుడో కనుక్కుంటూనే బతుకుతారు. రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువసేపు, దేనిమీదా ఇష్టం లేకుండా పోయిందంటే దాన్ని ముసలితనం ఖాతాలో వెయ్యడానికి వీల్లేదు. అది జబ్బు.

2017-18లో జరిగిన భారత దీర్ఘకాలిక వృద్ధాప్య అధ్యయనం (లాసీ) మొదటి విడతలో 45 ఏళ్లు దాటిన దాదాపు 72 వేల మందిని కలిశారు. ప్రామాణికమైన ప్రశ్నావళితో చూసినప్పుడు అరవై దాటినవారిలో 8.3 శాతం మందిలో తీవ్రమైన కుంగుబాటు ఉండవచ్చని తేలింది. తమకు ఆ జబ్బు ఉన్నట్టు వైద్యులు చెప్పారన్నవాళ్లు 0.8 శాతమే. ఈ రెండు అంకెల మధ్య తేడా పది రెట్లు. జబ్బు ఉన్నవారిలో అత్యధికులకు దాని పేరే ఎవరూ చెప్పలేదన్నమాట.

గుర్తుపట్టడానికి సులువైన సాధనాలు లేకపోలేదు. 1980ల మొదట్లో అమెరికాలో జెరోమ్ యెసవేజ్ బృందం వృద్ధుల కోసమే 30 ప్రశ్నల కొలమానం తయారుచేసింది. తర్వాత దాన్ని 15 ప్రశ్నలకు కుదించారు. ప్రతి ప్రశ్నకీ అవుననో కాదనో చెబితే చాలు. నిద్ర గురించీ ఆకలి గురించీ నొప్పుల గురించీ ఇందులో కావాలనే అడగరు. డెబ్బై ఏళ్ల ఒంటికి అవి వేరే కారణాలతోనూ రావచ్చు, వాటిని లెక్కలోకి తీసుకుంటే జబ్బు లేనివాళ్లకీ ఉన్నట్టు తేలుతుంది. చికిత్స మొదలుపెట్టేముందు వైద్యులు థైరాయిడ్, బీ12, రక్తహీనత పరీక్షలు చేయిస్తారు, వాడుతున్న మందుల చీటీ మొత్తం చూస్తారు, మతిమరుపు జబ్బు మొదలైందేమో గమనిస్తారు. చెవులు సరిగా వినపడక మాటలకు దూరమైన మనిషి కూడా పైకి కుంగుబాటు మనిషిలాగే కనిపిస్తాడు.

వయసు మీద పాత అపనమ్మకం

పెద్దవయసువాళ్లకి మాటల చికిత్స దండగన్న అభిప్రాయం ఆ చికిత్స పుట్టిన చోటే పుట్టింది. 1904 డిసెంబరులో వియన్నా వైద్యుల ముందు చేసిన ప్రసంగంలో సిగ్మండ్ ఫ్రాయిడ్, యాభై దగ్గరపడినవాళ్లలో మనసు వంగే గుణం పోతుందనీ, ముసలివాళ్లకి కొత్తగా నేర్పడం కుదరదనీ చెప్పాడు. అంత పొడవైన జీవితాన్ని తవ్వుకుంటూ పోతే చికిత్సకి అంతుండదన్నది ఆయన రెండో వాదన. అప్పటికి ఆయన వయసు 48. ఆయన ముఖ్య రచనల్లో చాలా భాగం ఆ తర్వాతే, యాభైలు, అరవైలు, డెబ్బైలలో వచ్చాయి. శిష్యుడు కార్ల్ అబ్రహాం 1919లో తన అనుభవం వేరని రాశాడు. చూడాల్సింది రోగి వయసు కన్నా జబ్బు వయసునని, అంటే అది ఎంతకాలంగా వేళ్లూనుకుందోనని ఆయన తేల్చాడు. కానీ నిలిచింది గురువు మాటే. దాదాపు అరవై ఏళ్లపాటు వృద్ధులు చికిత్స గదుల బయటే ఉండిపోయారు.

ఆ తలుపు తెరిచినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు రాబర్ట్ బట్లర్. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల మీద పరిశోధన చేస్తూ, వాళ్లు పదేపదే పాత రోజుల్లోకి వెళ్లడాన్ని ఆయన శ్రద్ధగా విన్నాడు. అది మతి తప్పడానికి గుర్తని అప్పటి వైద్యులు అనుకునేవారు. జీవితం చివరి భాగానికి చేరిన మనిషి తన బతుకును తిరిగి చూసుకుని లెక్క సరిచూసుకునే సహజమైన పని అదేనని బట్లర్ 1963లో ఒక వ్యాసంలో వాదించాడు. వయసును బట్టి మనిషిని చిన్నచూపు చూడటానికి ‘ఏజిజం’ అన్న మాటను 1969లో ప్రచారంలోకి తెచ్చింది కూడా ఆయనే. 1970ల మధ్యలో అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థకు తొలి డైరెక్టరయ్యాడు.

ఫ్రాయిడ్ అభిప్రాయం నిజమో కాదో ఇప్పుడు లెక్కలతో చెప్పవచ్చు. నెదర్లాండ్స్‌కి చెందిన పిమ్ కైపర్స్ బృందం 2020లో కుంగుబాటుకు మాటల చికిత్స మీద జరిగిన 366 ప్రయోగాలను ఒకచోట చేర్చి, వయసుల వారీగా పోల్చింది. చికిత్స ప్రభావం తక్కువగా కనిపించింది పిల్లల్లోనూ, కౌమారంలో ఉన్నవాళ్లలోనూ. నడివయసువాళ్లకీ వృద్ధులకీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. 75 దాటినవాళ్లలో కూడా ఫలితం తగ్గలేదు. ఇంగ్లండ్‌లో 2008 నుంచి ప్రభుత్వమే మాటల చికిత్సను ఉచితంగా అందిస్తోంది. అక్కడ 65 దాటినవాళ్లు వచ్చేది తక్కువే అయినా, వచ్చినవాళ్లు కోలుకునే శాతం చిన్నవయసువాళ్లకన్నా ఎక్కువగా నమోదవుతోంది.

పని ముందు, మనసు వెనక

కుంగుబాటు చికిత్సల్లో అన్నిటికన్నా తేలికగా నేర్పగలిగింది, చదువు లేనివాళ్లకీ అందేది, ప్రవర్తనతో మొదలయ్యే పద్ధతి. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. 1970లలో అమెరికాలోని ఒరెగాన్‌లో పీటర్ లెవిన్‌సన్ దీనికి పునాది వేశాడు. ఆయన సిద్ధాంతం సూటిగా ఉంటుంది. సంతృప్తినిచ్చే పనులు తగ్గినకొద్దీ మనసు కుంగుతుంది, మనసు కుంగినకొద్దీ చేసే పనులు ఇంకా తగ్గుతాయి. మోకాళ్ల నొప్పితో గుడికి వెళ్లడం ఆగిపోతుంది. గుడికి వెళ్లకపోతే అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే నలుగురూ దూరమవుతారు. ఎవరూ పలకరించకపోతే పొద్దున్నే తల దువ్వుకుని మంచి చీర కట్టుకోవలసిన అవసరం ఉండదు. మూడు నెలల్లో ఆ మనిషి రోజంతా మంచం మీదే ఉంటుంది. మోకాలి నొప్పి మూడు నెలల కిందట ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంటుంది.

చికిత్స ఈ వలయాన్ని పనుల వైపు నుంచి విడగొడుతుంది. మొదటి వారం రోజంతా ఏ గంటలో ఏం చేశారో, అప్పుడు మనసు ఎలా ఉందో రాసుకోవాలి. రాయడం రానివాళ్లకి మనవరాలు రాసిపెట్టవచ్చు. రోజంతా ఒకేలా ఉందనుకున్న మనిషికి, పొద్దున మొక్కలకి నీళ్లు పోసిన పావుగంట కాస్త తేలిగ్గా గడిచిందని ఆ కాగితమే చూపిస్తుంది. తర్వాత చిన్న చిన్న పనులు ఎంచుకుని, ఫలానా రోజు ఫలానా వేళకి అని నిర్ణయించుకుంటారు. ఉత్సాహం వచ్చాక చేద్దామని ఆగరు, చేసిన తర్వాతే ఉత్సాహం వస్తుందన్నదే ఈ పద్ధతికి ఆధారం. ఏ పని ఎంచుకోవాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఏటా పది ఇళ్లకి ఆవకాయ పెట్టిచ్చిన చేతులకి టీవీ చూడమని సలహా ఇస్తే ప్రయోజనం లేదు. రోకలి పట్టలేకపోయినా పాళ్లు చెప్పగలదు, కోడలు ముక్కలు కొడుతుంటే పక్కన కూర్చుని కారం, ఆవపిండి కలిపించగలదు. పది ఇళ్లు కాకపోతే రెండిళ్లకి పంపగలదు. అలాంటి పని దొరికేదాకా వెతకడమే చికిత్సకుడి నైపుణ్యం.

ఆలోచనల వైపు నుంచి మొదలయ్యేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ దీన్ని రూపొందించాడు. కుంగుబాటులో మనసుకి తనంతట తానుగా తట్టే ఆలోచనలు కొన్ని ఉంటాయి. వాటిని అలాగే నమ్మకుండా, ఆధారాలు ఎంతవరకు ఉన్నాయో రోగి, చికిత్సకుడు కలిసి చూస్తారు. డల్లాస్‌లో ఉన్న కొడుకు రెండు రోజులుగా ఫోన్ చెయ్యలేదు, నన్ను మరిచిపోయాడు అన్న ఆలోచన పట్టుకుంటే, కిందటి నెల ఎన్నిసార్లు చేశాడో ఫోన్లోనే చూడవచ్చు. అక్కడ ఇప్పుడు వేళెంతో లెక్క వెయ్యవచ్చు, తనే చేసి చూడవచ్చు.

వృద్ధుల దగ్గర ఈ పద్ధతికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. వాళ్ల విషాదకరమైన ఆలోచనల్లో చాలావరకు నిజాలే. చూపు తిరిగి రాదు, భార్య తిరిగి రాదు, పక్షవాతం వచ్చిన చెయ్యి మునుపటిలా కదలదు. వీటితో వాదించే చికిత్సకుడు మొదటి రోజే నమ్మకం పోగొట్టుకుంటాడు. చూపు తగ్గిందన్నది వాస్తవం, కాబట్టి ఇక ఎందుకూ పనికిరానన్నది ఆ వాస్తవానికి అతికించుకున్న తీర్పు. చికిత్స ఆ అతుకు దగ్గర జరుగుతుంది. ఇలా ఓపికగా చెయ్యగలిగితే ఫలితం ఉంటుందని కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో లారీ థామ్సన్, డొలోరెస్ గాలఘర్ 1987లో ప్రచురించిన పరిశోధన చూపించింది. వృద్ధుల్ని మూడు బృందాలు చేసి, ఒకరికి ప్రవర్తన పద్ధతి, ఒకరికి ఆలోచనల పద్ధతి, ఒకరికి క్లుప్తమైన మనోవిశ్లేషణ పద్ధతి ఇచ్చారు. మూడు బృందాల్లోనూ ఎక్కువమంది మెరుగయ్యారు, పద్ధతుల మధ్య పెద్ద తేడా రాలేదు.

పెద్దవాళ్ల కోసం ఈ పద్ధతుల్లో కొన్ని మార్పులు చేస్తారు. ఒకసారి ఒక విషయమే ఎత్తుకోవడం, నెమ్మదిగా మాట్లాడటం, చెప్పింది పెద్ద అక్షరాలతో నోటుపుస్తకంలో రాసివ్వడం, మాటల్ని ఫోన్లో రికార్డు చేసి ఇంటి దగ్గర మళ్లీ వినమనడం లాంటివి. వినికిడి యంత్రం పెట్టుకున్నారో లేదో చూసుకోవడం కూడా చికిత్సలో భాగమే.

ఒక్కొక్క సమస్యగా

కొందరు వృద్ధుల్లో కుంగుబాటుతో పాటు పనిని ప్రణాళిక వేసుకుని మొదలుపెట్టి ముగించే శక్తి కూడా దెబ్బతింటుంది. మెదడు ముందుభాగానికి వెళ్లే సన్నని రక్తనాళాలు బీపీ, షుగరు వల్ల పాడవడం దీనికి ఒక కారణమని జార్జ్ అలెక్సోపోలస్ 1990లలో ప్రతిపాదించాడు. ఇలాంటివారికి మామూలు కుంగుబాటు మందులు అంతగా పట్టవు. వాళ్లకి పనికొచ్చిన పద్ధతి సమస్యా పరిష్కార చికిత్స. దీని మూలం 1971లో డిజురిల్లా, గోల్డ్‌ఫ్రీడ్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు రాసిన వ్యాసంలో ఉంది.

తెలుగు పల్లెల్లో బాగా తెలిసిన సమస్యనే తీసుకుంటే ఈ పద్ధతి ఎలా నడుస్తుందో తెలుస్తుంది. అరిగిపోయిన వేళ్ల వల్ల యంత్రంలో ముద్ర పడక ముసలాయనకి పింఛను ఆగిపోయింది. ఆయన నోటి నుంచి వచ్చే మాట, నా బతుకే ఇలా ఉంది అని. చికిత్సకుడు మొదట ఆ మాటను వేలిముద్ర పడటం లేదు అన్నంత చిన్న సమస్యగా మారుస్తాడు. ఆ తర్వాత ఏమేం చెయ్యవచ్చో, మంచి చెడ్డలు ఎంచకుండా అన్నీ చెప్పిస్తాడు. ఆధార్ కేంద్రంలో ముద్రలు కొత్తగా ఇవ్వడం, కనుపాపతో గుర్తించే యంత్రం ఎక్కడుందో కనుక్కోవడం, అధికారికి అర్జీ పెట్టడం, వార్డు సభ్యుడిని వెంట తీసుకెళ్లడం. ఒక్కోదాని కష్టనష్టాలు చూసి ఒకటి ఎంచుకుంటారు, ఏ రోజు ఎవరితో వెళ్లాలో నిర్ణయించుకుంటారు, వచ్చే వారం ఏమైందో చూస్తారు. పింఛను రావడం ఒక లాభం. సమస్యను విడదీసి పట్టుకోవచ్చని తెలియడం దానికన్నా పెద్ద లాభం, ఎందుకంటే రేపటి సమస్యకి అదే పద్ధతి పనికొస్తుంది.

ప్యాట్రీషియా అరియన్, అలెక్సోపోలస్ 2010లో ప్రచురించిన ప్రయోగంలో, కుంగుబాటుతో పాటు ఇలా ప్రణాళికా శక్తి కూడా దెబ్బతిన్న 221 మంది పాల్గొన్నారు. అందరూ 60 ఏళ్లు, అంతకు పైబడినవాళ్లే. సగం మందికి పన్నెండు వారాల సమస్యా పరిష్కార చికిత్స ఇచ్చారు. మిగతా సగం మందికి సానుభూతితో విని ధైర్యమిచ్చే చికిత్స అంతే కాలం ఇచ్చారు. పూర్తిగా కోలుకున్నవాళ్లు మొదటి బృందంలో సుమారు 46 శాతం, రెండో బృందంలో 28 శాతం. ఊరికే వినడం వృథా కాదని ఆ 28 శాతం చెబుతోంది. పద్ధతి తోడైతే వచ్చే అదనపు మేలు ఎంతో ఆ 46 శాతం చెబుతోంది. మతిమరుపు మొదలైన వృద్ధుల కోసం ఇదే పద్ధతిని దిమిత్రిస్ కియోసెస్ మలిచి, ఇంటికే వెళ్లి, చూసుకునే కుటుంబసభ్యుణ్ని కూడా కూర్చోబెట్టి, గోడమీద క్యాలెండర్లు, గుర్తుచేసే చీటీలు వాడుతూ ప్రయోగించాడు. 74 మందితో చేసిన ఆ పరిశోధన 2015లో వచ్చింది. అందులోనూ కుంగుబాటు తగ్గింది, రోజువారీ పనుల్లో ఇబ్బందీ తగ్గింది.

జ్ఞాపకాల పని

బట్లర్ సూచించిన జీవిత సమీక్ష తర్వాతి కాలంలో క్రమమైన చికిత్సగా మారింది. వృద్ధులకి ఇది ప్రత్యేకంగా నప్పడానికి కారణం, కుంగుబాటు జ్ఞాపకాలను మార్చే తీరులో ఉంది. 1980లలో బ్రిటన్‌లో మార్క్ విలియమ్స్, కుంగుబాటులో ఉన్నవాళ్లు గతాన్ని గుండుగుత్తగా గుర్తు చేసుకుంటారని గమనించాడు. సంతోషంగా గడిచిన ఒక సందర్భం చెప్పమంటే, మా ఆయన ఉన్నప్పుడు బాగుండేది అంటారు. ఒక రోజు, ఒక చోటు, ఒక మాట చెప్పలేరు. వివరాలు లేని జ్ఞాపకం మనసుకి ఆసరా ఇవ్వదు, పోయిన కాలమంతా ఒక ముద్దలా కలిసిపోయి లోటును మాత్రమే గుర్తుచేస్తుంది.

దీన్ని ఆధారం చేసుకుని స్పెయిన్‌లో హువాన్ పెద్రో సెరానో బృందం 2004లో ఒక చిన్న ప్రయోగాన్ని ప్రచురించింది. కుంగుబాటు లక్షణాలున్న 43 మంది వృద్ధుల్లో కొందరికి నాలుగు వారాలపాటు, బాల్యం, కౌమారం, యౌవనం అనుకుంటూ జీవితంలోని దశల వారీగా, నిర్దిష్టమైన సంఘటనలు గుర్తుచేసుకునే సాధన చేయించారు. వాళ్ల జ్ఞాపకాలకు వివరం పెరిగింది, కుంగుబాటు తగ్గింది, నిరాశ తగ్గింది. నాలుగు వారాల్లో ఇంత మార్పు రావడం ఎంతో ఆశనిచ్చే విషయం.

ఈ సాధనలో ప్రశ్నలే పరికరాలు. నల్లగొండలో కానీ గుంటూరులో కానీ పుట్టిన ఎనభై ఏళ్ల రైతుని మీ జీవితం గురించి చెప్పండి అంటే రెండు ముక్కల్లో ముగిస్తాడు. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి మొదటిసారి నీళ్లు వదిలినప్పుడు మీరెక్కడున్నారు, ఎవరితో కలిసి చూశారు, నీళ్లు మీ చేలోకి ఎప్పుడొచ్చాయి అని అడిగితే గంటసేపు చెబుతాడు. తొలి సంపాదనతో ఏం కొన్నారు, బడిలో ఏ పంతులుగారి దెబ్బ గుర్తుంది, పెద్దబిడ్డ పుట్టిన రోజు పురిటిగది బయట ఎవరున్నారు. ఒక్కో ప్రశ్నకీ ఒక మనిషి, ఒక చోటు, ఒక పూట బయటికొస్తాయి.

అయితే తీపి జ్ఞాపకాలు పోగుచెయ్యడంతో జీవిత సమీక్ష పూర్తి కాదు. చేసిన తప్పు, పడిన అవమానం, తమ్ముడితో తెగిపోయిన మాటలు కూడా వస్తాయి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో బిడ్డని పోగొట్టుకున్న తల్లికి ఆ రాత్రి కూడా సమీక్షలో భాగమే. చికిత్సకుడి సాయం ఎక్కువగా కావలసింది ఇక్కడే. ఒకే బాధ చుట్టూ అదేపనిగా తిరగడం కుంగుబాటును పెంచుతుంది. ఆ బాధకి ముందూ వెనకా ఏముందో, దాన్ని ఎలా దాటారో, ఆ దాటడంలో తన చెయ్యి ఎంతో చూడగలిగితే అదే జ్ఞాపకం బరువు మారుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు పాత సంగతి ఎత్తగానే మళ్లీ మొదలయిందని విసుక్కునేవాళ్లు, ఆ సంగతికి తరువాయి ఒక్క ప్రశ్న వేసి చూస్తే తేడా తెలుస్తుంది.

బంధాలు, వియోగాలు

అమెరికాలో జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ 1970లలో రూపొందించిన ఇంటర్‌పర్సనల్ థెరపీ కుంగుబాటును మనుషుల మధ్య సంబంధాల్లో వెతుకుతుంది. ఆప్తుల మరణం, తగాదా, జీవితంలో స్థానం మారడం, ఒంటరితనం అన్న నాలుగింటిలో ఈసారి జబ్బు ఏ వైపు నుంచి వచ్చిందో తేల్చుకుని దానిమీదే పనిచేస్తారు. మూడోది వృద్ధాప్యానికి బాగా దగ్గరగా ఉంటుంది. ఊళ్లో పదిమందికి పెద్దమనిషిగా ఉండి, హైదరాబాదులో పన్నెండో అంతస్తుకి చేరి, కింద ఎవరి పేరూ తెలియని మనిషి పోగొట్టుకున్నది ఇంటిని మాత్రమే కాదు. పిల్లల దగ్గరికి న్యూజెర్సీ వెళ్లి, కారు నడపడం రాక, పగలంతా ఖాళీ ఇంట్లో కూర్చునే తల్లిదండ్రులదీ అదే స్థితి. పోయినదాన్ని పోయిందని ఒప్పుకుని దుఃఖించడం, కొత్తచోట దొరికే వాటిలో ఏది తనకి సరిపడుతుందో వెతకడం, రెండూ ఈ చికిత్సలో జరుగుతాయి.

భర్తో భార్యో పోయిన దుఃఖం జబ్బు కాదు, దానికి చికిత్స చెయ్యనక్కరలేదు. కానీ కొద్దిమందిలో ఏడాది దాటినా ఆ దుఃఖం మొదటి రోజుల తీవ్రతతోనే నిలిచి, జీవితాన్ని ఆపేస్తుంది. దీనికోసం క్యాథరిన్ షియర్ ప్రత్యేక చికిత్సను తయారుచేసింది. పోయిన క్షణాన్ని మాటల్లో తిరిగి చెప్పించడం, తప్పించుకు తిరుగుతున్న చోట్లకీ వస్తువులకీ మెల్లగా దగ్గర కావడం ఇందులో ఉంటాయి. 2014లో ఆమె ప్రచురించిన ప్రయోగంలో 151 మంది పెద్దవయసువాళ్లు ఉన్నారు. ఈ చికిత్స అందుకున్నవాళ్లలో 70 శాతం మెరుగైతే, ఇంటర్‌పర్సనల్ థెరపీ అందుకున్నవాళ్లలో 32 శాతమే మెరుగయ్యారు. దుఃఖానికీ కుంగుబాటుకీ ఒకే మందు సరిపోదని ఇంత స్పష్టంగా చూపిన పరిశోధనలు తక్కువ.

మందులు, హద్దులు

మాటల చికిత్స మందులకి శత్రువు కాదు. పిట్స్‌బర్గ్‌లో చార్లెస్ రెనాల్డ్స్ బృందం 1999లో ప్రచురించిన ఫలితాల్లో, ఒకసారి కోలుకున్న వృద్ధులకి మూడేళ్లలో జబ్బు తిరగబెట్టిన శాతం మందు, మాటల చికిత్స రెండూ కొనసాగించినప్పుడు 20, మందు మాత్రమే అయితే 43, మాటల చికిత్స మాత్రమే అయితే 64, రెండూ లేకపోతే 90. అదే బృందం 2006లో డెబ్బై దాటినవాళ్ల మీద మరో మందుతో చేసిన పరిశోధనలో మాత్రం తిరగబెట్టకుండా కాపాడింది మందే. నెలకోసారి జరిగిన మాటల చికిత్స వల్ల అదనపు రక్షణ కనిపించలేదు. అందుకే వయసు బాగా పెరిగి, జబ్బు పదేపదే వచ్చినవాళ్లకి మందు ఆపడం వైద్యుల సలహాతోనే జరగాలి. మరోవైపు ఈ మందులు కొందరు వృద్ధుల్లో రక్తంలో సోడియం తగ్గిస్తాయి, తూలి పడిపోయే ప్రమాదం పెంచుతాయి, గుండె మందులతోనూ రక్తం పలచబరిచే మందులతోనూ పేచీ పెట్టుకుంటాయి. జబ్బు స్వల్పంగా, మధ్యస్తంగా ఉన్నప్పుడు ముందుగా మాటల చికిత్సను ప్రయత్నించడానికి ఇది బలమైన కారణం.

అన్నపానాలు మానేసినప్పుడు, లేనిపోని భ్రమలు వచ్చినప్పుడు, చనిపోవాలన్న ఆలోచన గట్టిపడినప్పుడు మాటలతో కాలయాపన చెయ్యకూడదు. మందులు, ఒక్కోసారి మత్తు ఇచ్చి చేసే కరెంటు చికిత్స ప్రాణం కాపాడతాయి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అక్కర్లేదు, అడగడమే మేలు. పల్లెల్లో పురుగుమందు డబ్బాలు అందుబాటులో లేకుండా చెయ్యడం అదే రోజు చెయ్యవలసిన పని.

ఎవరు చెయ్యాలి

భారతదేశంలో సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు అవసరానికి చాలా తక్కువ, ఉన్నవాళ్లు పట్టణాల్లోనే ఎక్కువ. 2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో కుంగుబాటు ఉన్నవాళ్లలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. నిపుణులు పెరిగేదాకా ఆగడం కుదరదు కాబట్టి, నిపుణులు కానివాళ్లకి శిక్షణ ఇచ్చి ఈ పని అప్పగించవచ్చా అన్నది గత ఇరవై ఏళ్ల ముఖ్యమైన ప్రశ్న.

అమెరికాలో యూర్గెన్ ఉనుట్జర్ 2002లో ప్రచురించిన ఇంపాక్ట్ ప్రయోగంలో అరవై దాటిన 1,801 మంది ఉన్నారు. వాళ్లు ఎప్పుడూ వెళ్లే మామూలు డాక్టరు దగ్గరే ఒక నర్సో సైకాలజిస్టో ఉండి, క్లుప్తమైన సమస్యా పరిష్కార చికిత్స ఇస్తూ, మందుల్ని గమనిస్తూ వచ్చారు. ఏడాదికి లక్షణాలు సగానికి తగ్గినవాళ్లు ఈ బృందంలో 45 శాతం, మామూలు వైద్యం అందినవాళ్లలో 19 శాతం. బ్రెజిల్‌లోని గ్వారుల్యోస్‌లో ఆరోగ్య కార్యకర్తలు ట్యాబ్ సాయంతో ఇళ్లకే వెళ్లి చేసిన చికిత్సలో 715 మంది వృద్ధులు పాల్గొన్నారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం ఎనిమిది నెలలకి కోలుకున్నవాళ్లు 62.5 శాతం, పోలిక కోసం ఉంచిన బృందంలో 44 శాతం.

భారతదేశానికి దగ్గర ఉదాహరణ గోవా. అక్కడ అమిత్ డయాస్, విక్రమ్ పటేల్, పిట్స్‌బర్గ్ పరిశోధకులు కలిసి, అప్పటికింకా పూర్తి జబ్బు రాకుండా తేలికపాటి లక్షణాలున్న 181 మంది వృద్ధులని ఎంచుకున్నారు. స్థానికంగా శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్లు సమస్యా పరిష్కార పద్ధతి, నిద్ర సరిచేసుకునే మార్గాలు, షుగరు వంటి జబ్బుల్లో జాగ్రత్తలు, ప్రభుత్వ పథకాలు అందుకునే సాయం కలిపి అందించారు. ఏడాదిలో తీవ్రమైన కుంగుబాటు వచ్చినవాళ్లు ఈ బృందంలో నలుగురు, మామూలు వైద్యం బృందంలో పదమూడు మంది. ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ చేతపట్టి ఇంటింటా పెద్దల మానసిక స్థితిని కనుక్కుని, అవసరమైనవాళ్లని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి చూపించారు. అది అన్ని వయసులవారి కోసం చేసినదే అయినా, ఇంటి గడప దగ్గరే మొదలయ్యే ఈ దారి నడవలేని వృద్ధులకి ఇంకా ఎక్కువగా పనికొస్తుంది.

ఇంటికొచ్చే కౌన్సెలరు చాలాసార్లు మనవరాలి వయసు పిల్ల అవుతుంది. అమ్మమ్మా అనో పెద్దనాన్నా అనో పిలుస్తూ మొదలుపెడితే మాట సులువవుతుంది. ఎదుటివాళ్లు పెళ్లయిందా, జీతమెంత అని అడిగి ఆమెకే సలహాలిస్తారు. అనుభవమున్నవాళ్లు దీన్ని అడ్డుకోరు. మాట ఎలా ఉన్నా ఏకాంతం తప్పనిసరి. కొడుకు, కోడలు వినేంత దూరంలో ఉంటే పెద్దవాళ్లు కులాసాగానే ఉన్నామంటారు. కుటుంబసభ్యుల్ని పెద్దవాళ్ల అనుమతితో తర్వాత విడిగా పిలవవచ్చు.

కదలలేనివాళ్లకి ఫోను కూడా పనికొస్తుంది, కొంతవరకు. ఇంగ్లండ్‌లో కోవిడ్ కాలంలో మొదలైన బేసిల్ ప్లస్ ప్రయోగంలో, దీర్ఘకాలిక జబ్బులున్న 435 మంది వృద్ధులు పాల్గొన్నారు. అందులో సగం మందితో ఎనిమిది వారాలపాటు ఫోన్లోనే ప్రవర్తనా పద్ధతి సాధన చేయించారు. మూడు నెలల దగ్గర కుంగుబాటూ ఒంటరితనమూ తగ్గాయి, ఏడాది దగ్గర కుంగుబాటులో ఆ తేడా నిలవలేదు. ఏ పద్ధతికైనా ఈ పరిమితి ఉండవచ్చు. అందుకే కోలుకున్నాక కూడా కొన్ని నెలలకోసారి కలవడం, జబ్బు తిరగబెట్టే తొలి గుర్తులు ఏమిటో ముందే రాసిపెట్టుకోవడం చికిత్సలో భాగంగా ఉండాలి.

తెలుగు రాష్ట్రాల్లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం. 2022 అక్టోబరు 10న దేశవ్యాప్తంగా మొదలైన టెలీ మానస్‌కి 14416 నంబరుతో ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఎల్డర్ లైన్ నంబరు 14567. పింఛను చిక్కుల నుంచి ఒంటరితనం దాకా ఏ విషయమైనా అక్కడ చెప్పుకోవచ్చు.